టర్బులెంట్ మండే వేగం ఇంధనం గుణం కాదు

గాలితో ముందే కలిపిన గ్యాసు మంటల మీద వచ్చే రిపోర్టుల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: "ఈ మిశ్రమానికి టర్బులెంట్ మండే వేగం సెకనుకు ఇన్ని మీటర్లు." టర్బులెంట్ అంటే గ్యాసు సుడులు తిరుగుతూ ప్రవహించడం. రిపోర్టులో ఉండేది ఆ అంకె, అంతే. సుడుల తీవ్రత ఎంత, వాటి సైజు ఎంత, ఏ బర్నర్‌లో కొలిచారు, మంట అంచు అని దేన్ని తీసుకున్నారు, వీటిలో ఒక్కటీ ఉండదు. అలాంటి అంకె ఎవరికీ పనికిరాదన్నది నా వాదన. దాన్ని నమ్ముకుని బర్నరో, పేలుడు ఒత్తిడి వదిలే వెంట్ ప్యానెలో డిజైన్ చేస్తే ప్రమాదం కూడా.

సుడులు లేని మిశ్రమంలో మంట వేగాన్ని లామినార్ వేగం అంటారు. దాని సంగతి వేరు. మీథేన్‌ని సరిగ్గా సరిపడా గాలితో కలిపి, గది ఉష్ణోగ్రతలో, ఒక అట్మాస్ఫియర్ దగ్గర, కదలిక లేకుండా ఉంచి ముట్టిస్తే, మంట అంచు కాలని గ్యాసులోకి సెకనుకు 36 నుంచి 38 సెంటీమీటర్ల వేగంతో చొచ్చుకుపోతుంది. ప్రొపేన్ అయితే 40 పైచిలుకు. హైడ్రోజన్ అదే పాళ్లలో రెండు మీటర్లు దాటుతుంది, ఇంధనం ఇంకాస్త ఎక్కువైతే మూడు మీటర్ల దాకా వెళ్తుంది. ఏ ల్యాబులో జాగ్రత్తగా కొలిచినా ఇవే వస్తాయి. ఎందుకంటే ఆ వేగాన్ని తేల్చేవి రెండే: వేడి ఎంత త్వరగా ముందుకు పాకుతుంది, రసాయన చర్య ఎంత త్వరగా జరుగుతుంది. రెండూ మిశ్రమంలోనే ఉన్నాయి. మీథేన్ మంట మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, అందులో అసలు చర్య జరిగే పొర దాదాపు పదో వంతు.

ఇలాంటి మిశ్రమాన్ని సుడులు తిరిగేలా కలియబెట్టి ముట్టిస్తే ఎక్కువ వేగంతో మండుతుందని మల్లార్, ల షటెల్యే 1883లోనే గుర్తించారు. ఇద్దరూ ఫ్రెంచి గని ఇంజనీర్లు, గనుల్లో పేరుకునే మీథేన్ పేలుళ్లే వాళ్ల ఆందోళన. ఎందుకు వేగం పెరుగుతుందో స్పష్టంగా చెప్పినవాడు జర్మన్ శాస్త్రవేత్త డామ్‌కోలర్, 1940లో. ఆయన రెండు దారులు చూపించాడు. సుడులు మంట మందం కన్నా బాగా పెద్దవైతే, మంట లోపలి నిర్మాణాన్ని ముట్టుకోవు, నలిపిన కాగితంలా ముడతలు మాత్రం వేస్తాయి. ఒక్కో ముడత దగ్గర మంట లామినార్ వేగంతోనే మండుతుంది, కానీ మండే ఉపరితలం పెరిగింది కాబట్టి మొత్తం మీద కాలే గ్యాసు పెరుగుతుంది. ఉపరితలం మూడింతలైతే వేగం మూడింతలు. రెండో దారిలో సుడులు మంట మందం కన్నా చిన్నవి. అవి మంట లోపలికి దూరి వేడినీ, అణువులనీ తామే మోస్తాయి. అప్పుడు వేగం, పెరిగిన వ్యాపన గుణకానికి (వేడి, అణువులు ఎంత త్వరగా పాకుతాయో చెప్పే సంఖ్యకు) వర్గమూలంగా పెరుగుతుంది.

ఈ రెండు దారుల్లోనే నా వాదన ఉంది. ముడతలు వేసేది ఇంధనం కాదు, ప్రవాహం. ప్రవాహాన్ని తయారుచేసేది పరికరం. కాబట్టి టర్బులెంట్ మండే వేగంలో సగం ఇంధనానిదైతే సగం పరికరానిది.

పెట్రోలు ఇంజన్ లెక్క వేస్తే ఇది ఎంత బలమైన ప్రభావమో తెలుస్తుంది. సిలిండర్ వ్యాసం (బోర్) 86, పిస్టన్ కదిలే దూరం (స్ట్రోక్) 86 మిల్లీమీటర్లు, స్పార్క్ ప్లగ్ మధ్యలో ఉందనుకుందాం. మంట 43 మిల్లీమీటర్లు ప్రయాణించాలి. స్పార్క్ పడే సమయానికి గ్యాసు ఉష్ణోగ్రత సుమారు 700 కెల్విన్, పీడనం 20 బార్. అక్కడ లామినార్ వేగం, సిలిండర్లో మిగిలిన పాత పొగ కూడా లెక్కలోకి తీసుకుంటే, సెకనుకు ఒక మీటరు స్థాయిలో ఉంటుంది. కాలిన గ్యాసు దాదాపు నాలుగింతలు వ్యాకోచించి మంటను ముందుకు తోస్తుంది కాబట్టి గోడ వైపు అంచు కదిలే వేగం సుమారు 4 మీటర్లు. అంటే 43 మిల్లీమీటర్లకు 10.75 మిల్లీసెకన్లు. 1000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ మిల్లీసెకనుకు 6 డిగ్రీలు తిరుగుతుంది, మంట పూర్తవడానికి 65 డిగ్రీలు పడుతుంది, ఎలాగో నెట్టుకురావచ్చు. 6000 దగ్గర మిల్లీసెకనుకు 36 డిగ్రీలు. మంట పూర్తయ్యేసరికి క్రాంక్ 387 డిగ్రీలు తిరిగిపోతుంది, అంటే ఒక చుట్టు దాటేసింది, ఎగ్జాస్ట్ వాల్వ్ ఎప్పుడో తెరుచుకుంది. అలాంటి ఇంజన్ పని చేయదు.

నిజం ఇంజన్ పని చేస్తోంది, ఎందుకంటే సుడుల తీవ్రత కూడా ఆర్‌పీఎంతో పాటే పెరుగుతుంది. తీవ్రత అంటే ప్రవాహ వేగంలో ఒడిదుడుకుల ఆర్ఎంఎస్ విలువ (వర్గాల సగటుకు వర్గమూలం), ఈ రంగంలో యు-ప్రైమ్ అంటారు. పిస్టన్ పైకొచ్చే వేళకు అది పిస్టన్ సగటు వేగంలో దాదాపు సగం ఉంటుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం 2.9 మీటర్లు, యు-ప్రైమ్ సుమారు 1.4. 6000 దగ్గర 17.2, యు-ప్రైమ్ 8.6. మండే వేగం దాదాపు అదే నిష్పత్తిలో పెరిగి, మంట పట్టే డిగ్రీలు పెద్దగా మారవు. 6000 దగ్గర 50 డిగ్రీల్లో పూర్తయిందంటే 1.4 మిల్లీసెకన్లు, సగటున సెకనుకు 31 మీటర్లు. ఇంధనం మారలేదు, మిశ్రమం మారలేదు. ఇంతకీ ఆ పెట్రోలు టర్బులెంట్ మండే వేగం ఎంతని రాయాలి?

"దాదాపు" అన్నాను, కారణం ఉంది. స్పార్క్ వేసిన తొలి క్షణాల్లో మంట గోళం కొన్ని మిల్లీమీటర్లే. తనకన్నా పెద్ద సుడి దాన్ని పక్కకు మోసుకుపోతుందే తప్ప ముడత వేయలేదు. గోళం పెరిగేకొద్దీ పెద్ద పెద్ద సుడులు దాని మీద పని చేయడం మొదలుపెడతాయి. అంటే తొలి దశలో మంట లామినార్‌కి దగ్గరగా ఉంటుంది, ఆ దశ ఆర్‌పీఎంతో సమానంగా వేగం పుంజుకోదు. వేగం పెరిగితే స్పార్క్‌ని ముందుకు జరపాల్సి రావడానికి ఇదే కారణం. ఒక సైకిల్‌కీ ఇంకో సైకిల్‌కీ పీడనంలో వచ్చే తేడాలు కూడా చాలావరకు ఇక్కడే పుడతాయి: ఆ చిన్న గోళాన్ని సుడి ఎటు మోసుకెళ్లిందన్నది ప్రతిసారీ మారుతుంది.

ఇక కొలత. ఇక్కడే ఎక్కువ గందరగోళం. బన్సెన్ తరహా బర్నర్ తీసుకుందాం: 20 మిల్లీమీటర్ల నాజిల్, దాని కింద సుడులు పుట్టించే చిల్లుల ప్లేటు, అంచు చుట్టూ మంట ఊడిపోకుండా చిన్న పైలట్ మంట. మీథేన్ మిశ్రమం సెకనుకు 5 మీటర్ల సగటు వేగంతో వస్తోంది. నాజిల్ వైశాల్యంతో గుణిస్తే సెకనుకు 1.57 లీటర్లు, అంటే నిమిషానికి 94 లీటర్లు. మంటను కొన్ని వందల సార్లు ఫొటో తీసి సగటు తీస్తే స్పష్టమైన అంచు రాదు, మందమైన బ్రష్ లాంటి ప్రాంతం వస్తుంది. ఒక చోట గ్యాసు ఎంత భాగం సమయం కాలిన స్థితిలో ఉందన్నది 0 నుంచి 1 దాకా మారుతుంది. దీన్నే ప్రోగ్రెస్ వేరియబుల్ అంటారు. మండే వేగం అంటే వచ్చే గ్యాసు పరిమాణాన్ని మంట ఉపరితలంతో భాగించడం. ఏ ఉపరితలం?

సగం సమయం కాలి ఉండే ఉపరితలం, అంటే 0.5 దగ్గరిది, 60 మిల్లీమీటర్ల ఎత్తు శంకువు అనుకోండి. పక్క వైశాల్యం 1,911 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 0.82 మీటర్లు, లామినార్‌కి 2.2 రెట్లు. లోపలి అంచు, 0.1 దగ్గరిది, 40 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. వైశాల్యం 1,295, వేగం 1.21, లామినార్‌కి 3.3 రెట్లు. ఒకే మంట, ఒకే ఫొటోలు, ఒకే ఫ్లో మీటరు. తేడా 48 శాతం. రెండూ సరైన కొలతలే. ఏ గీత ఎంచుకున్నారో రాయకుండా మొదటిది ఒకరు, రెండోది ఇంకొకరు ప్రచురిస్తే, మూడో మనిషి ఆ రెండిటి మధ్యా గీత గీసి సూత్రం తయారుచేస్తాడు.

ఈ కొలతలో తప్పు జరిగే చోట్లు ఇంకా ఉన్నాయి. మంట వెలుగును నేరుగా కెమెరాతో తీస్తే ముందున్న ముడతా, వెనకున్న ముడతా ఒకే బొమ్మలో కలిసిపోయి బ్రష్ అసలు కన్నా మందంగా కనిపిస్తుంది. పల్చటి లేజర్ షీట్ వేసి, మంట దగ్గర ఆవిరైపోయే సన్నటి నూనె తుంపర్లను గ్యాసులో కలిపి తీస్తే అడ్డుకోత మాత్రమే వస్తుంది. పైలట్ గ్యాసును మొత్తం లెక్కలో కలపకూడదు. మిశ్రమంలో ఇంధనం తక్కువైతే పక్క నుంచి బయటి గాలి చొరబడి శంకువు కొస తెరుచుకుంటుంది, అక్కడి గ్యాసు కాలకుండానే పోతుంది, కానీ ఫ్లో మీటరు దాన్ని కాలినట్టే లెక్కేస్తుంది. యు-ప్రైమ్‌ని మంట లేకుండా హాట్ వైర్‌తో (ప్రవాహ వేగం కొలిచే వేడి తీగతో) నాజిల్ మూతి దగ్గర కొలిచి మంటంతటికీ అదే వర్తింపజేస్తారు. మూతికి 50 మిల్లీమీటర్ల పైన సుడులు అదే తీవ్రతతో ఉండవు. అడుగున మంట ఇంకా లేతది, బ్రష్ సన్నం, పైకి పోయేకొద్దీ ముడతలు పెరుగుతాయి. అంటే ఒకే మంట మీద కూడా వేగం చోటును బట్టి మారుతుంది.

గోళాకార పాత్రలో కొలిచేవాళ్లకు వేరే చిక్కులు. లీడ్స్ విశ్వవిద్యాలయంలోని 380 మిల్లీమీటర్ల పాత్ర ఈ రంగంలో అందరికీ తెలిసినదే. నాలుగు ఫ్యాన్లు లోపల సుడులు పుట్టిస్తాయి, మధ్యలో స్పార్క్. ఇక్కడ సగటు ప్రవాహం లేదు, సుడి సైజు సుమారు 20 మిల్లీమీటర్ల దగ్గర నిలకడగా ఉంటుంది, యు-ప్రైమ్‌ని ఫ్యాన్ వేగంతో మార్చుకోవచ్చు. అందుకే ఈ డేటా మీద నాకు నమ్మకం ఎక్కువ. కానీ కెమెరాలో కనిపించే గోళం పెరుగుదల మండే వేగం కాదు, వ్యాకోచం దాన్ని తోస్తోంది. మీథేన్ మంటకు వ్యాకోచం సుమారు ఏడున్నర రెట్లు. సుడులు లేని మంటే సెకనుకు దాదాపు 2.8 మీటర్లతో పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని సాంద్రతల నిష్పత్తితో భాగించకుండా రాస్తే ఏడున్నర రెట్ల తప్పు. పైగా తీవ్రమైన సుడుల్లో స్పార్క్ శక్తి చాలక గోళం పుట్టగానే ఆరిపోతుంది. కదలని మీథేన్ మిశ్రమానికి 0.3 మిల్లీజూల్ చాలు, సుడుల్లో అది చాలదు. మిగిలి మండినవాటినే లెక్కిస్తే సగటు ఎక్కువ వైపు మొగ్గుతుంది.

ఇప్పుడు సూత్రాలకు పరీక్ష పెడదాం. మీథేన్, ఒక అట్మాస్ఫియర్, లామినార్ వేగం 0.37, యు-ప్రైమ్ 1 మీటరు, సుడి సైజు 10 మిల్లీమీటర్లు. టర్బులెంట్ రేనాల్డ్స్ సంఖ్య, అంటే గ్యాసు స్నిగ్ధతతో (జిగటతనంతో) పోలిస్తే సుడుల బలం, 667 వస్తుంది. లామినార్ వేగానికి యు-ప్రైమ్‌ని నేరుగా కలిపే డామ్‌కోలర్ తరహా సూత్రం 1.37 ఇస్తుంది. జిమాంట్ సూత్రం, 0.52 స్థిరాంకంతో, 1.46. లీడ్స్ వాళ్ల 1992 సూత్రం 2.24. గుల్డర్ 1990 సూత్రం 2.3. ఒక్కో సూత్రం ఒక్కో రకం పరికరంలోని డేటా మీదో, ఒక్కో రకం ఊహ మీదో నిలబడింది. వీటిలో ఏది కరెక్ట్ అనే ప్రశ్నే తప్పు. నా పరికరానికి దగ్గరి పరికరంలోంచి ఏది వచ్చిందని అడగాలి. ఇంజన్‌కి గోళాకార పాత్ర డేటా దగ్గర, బర్నర్‌కి బన్సెన్ డేటా దగ్గర.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది, చాలా పేపర్లు ఇందులో పడ్డాయి. మంట ఏ రకం ప్రాంతంలో ఉందో చూడటానికి కార్లోవిట్జ్ సంఖ్య వాడతారు: మంట మందాన్ని అతి చిన్న సుడి సైజుతో భాగించి వర్గం చేయడం. పై ఉదాహరణలో అతి చిన్న సుడి 0.076 మిల్లీమీటర్లు. మంట మందాన్ని, స్నిగ్ధతను లామినార్ వేగంతో భాగించి తీసుకుంటే 0.04 మిల్లీమీటర్లు, కార్లోవిట్జ్ 0.28, అంటే సుడులు మంట లోపలికి దూరలేవు. ఉష్ణోగ్రత వాలు నుంచి తీసిన నిజమైన మందం, 0.45, వాడితే అదే సంఖ్య 35 అవుతుంది, సుడులు వేడెక్కే పొరలోకి బాగా దూరేశాయని అర్థం. మంట ఒకటే. నూట ఇరవై రెట్లకు పైగా తేడా, అదీ నిర్వచనంతోనే. ఏ మందం వాడారో చూడకుండా ఒక పేపర్లోని బోర్గీ పటం (మంటలను రకాలుగా విడదీసి చూపే పటం) మీద ఇంకో పేపర్లోని చుక్కలు పెట్టకండి.

సుడులు పెంచుకుంటూ పోతే వేగం పెరుగుతూనే ఉంటుందా? ఉండదు. మొదట్లో దాదాపు సూటిగా పెరిగి, తర్వాత గీత వంగి చదునవుతుంది. సుడుల సాగదీతకు మంట తునిగి ఆరిపోతుందనే వివరణ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దానికి ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారని నా అభిప్రాయం. గీత వంగడం చాలా ముందే మొదలవుతుంది. అతి తీవ్రమైన సుడుల్లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగిన బన్సెన్ ప్రయోగాల్లో కూడా వేడెక్కే పొర ఉబ్బింది గానీ చర్య జరిగే పొర సన్నగానే నిలిచింది. వంపుకు సాదా కారణం ఇంకోటి ఉంది: ముడతలు దగ్గరపడేకొద్దీ ఎదురెదురు మంట అంచులు ఒకదాన్నొకటి తాకి, మధ్యలో గ్యాసు అయిపోయి, రెండు ఉపరితలాలూ ఒకేసారి మాయమవుతాయి. ఉపరితలం ఎంత వేగంగా పుడుతుందో అంతే వేగంగా చచ్చిపోతుంది. దీనికి తోడు, తీవ్రత పెరిగితే వచ్చే అదనపు శక్తి చాలావరకు అతి చిన్న సుడుల్లోకి పోతుంది, అవి స్నిగ్ధతకు అరిగిపోతాయే తప్ప ముడతలు వేయవు. ఇంజన్‌లో ఇంకో లెక్క కూడా ఉంది. సుడులు పెరిగితే గోడలకు పోయే వేడి పెరుగుతుంది, ఎక్కువ టంబుల్ (సిలిండర్లో గాలి పల్టీ కొట్టే సుడి) ఇచ్చే ఇన్‌టేక్ పోర్ట్ గాలిని కొంత అడ్డుకుంటుంది. కాబట్టి వేగం ఇక పెరగని చోటుకి చాలా ముందే ఆగడం మేలు.

పీడనం ప్రభావం చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. మీథేన్ లామినార్ వేగం పీడనం వర్గమూలానికి విలోమంగా పడిపోతుంది: పది అట్మాస్ఫియర్ల దగ్గర 37 కాస్తా 12 సెంటీమీటర్లు. అది చూసి గ్యాస్ టర్బైన్‌లో మంట మందగిస్తుందనుకుంటే పొరపాటు. పీడనం పెరిగితే మంట పల్చబడుతుంది, వ్యాపనం తగ్గుతుంది, ఇంకా చిన్న ముడతలు నిలబడతాయి. జిమాంట్ సూత్రంలో లామినార్ వేగం వర్గమూలంగా, ఉష్ణ వ్యాపనం నాలుగో మూలంగా, అదీ హారంలో ఉంటాయి. పీడనం రెండిట్లోనూ సరిగ్గా కొట్టుకుపోతుంది. అవే సుడులతో పది అట్మాస్ఫియర్ల దగ్గర లెక్కిస్తే వేగం దాదాపు అదే 1.46 వస్తుంది. లామినార్ మూడో వంతైంది, టర్బులెంట్ కదలలేదు.

హైడ్రోజన్ దగ్గర మాత్రం లామినార్ వేగం చూసి ఏదీ ఊహించకూడదు. పలుచని, అంటే ఇంధనం తక్కువగా ఉన్న, హైడ్రోజన్ మిశ్రమంలో ల్యూయిస్ సంఖ్య (వేడి వ్యాపనాన్ని ఇంధన వ్యాపనంతో భాగించినది) 0.4 దగ్గర ఉంటుంది: ఇంధనం, వేడి కన్నా చాలా త్వరగా వ్యాపిస్తుంది. కాలని గ్యాసు వైపు ఉబ్బిన చోటికి అన్ని పక్కల నుంచీ హైడ్రోజన్ చేరి, అక్కడ మంట మరింత వేడిగా, మరింత వేగంగా మండి, ఉబ్బు ఇంకా ముందుకు పొడుచుకొస్తుంది. పలుచని ప్రొపేన్‌లో, ల్యూయిస్ సంఖ్య 1.8 దగ్గర, అదే ఉబ్బు చల్లబడి వెనక్కి తగ్గుతుంది. మిగతావన్నీ సమానంగా ఉంచి లీడ్స్ సూత్రంలో ఈ ఒక్క సంఖ్య మార్చినా ఒకటిన్నర రెట్లకు పైగా తేడా వస్తుంది. ల్యూయిస్ సంఖ్య లేని సూత్రం, మీథేన్ డేటాతో సరిచేసింది, హైడ్రోజన్ కలిపిన ఇంధనానికి వాడితే వేగాన్ని తక్కువగా చెబుతుంది. ఆ తక్కువ అంకెను నమ్మి డిజైన్ చేస్తే, అసలు మంట అంతకన్నా వేగంగా మండి బర్నర్ లోపలికి వెనక్కి పోతుంది. ఈ విషయంలో మెతకగా ఉండటం నావల్ల కాదు, బర్నర్ కరిగేది ఇక్కడే.

పరికరమే వేగాన్ని తయారుచేస్తుందనడానికి అన్నిటికన్నా గట్టి రుజువు పేలుళ్లలో ఉంది. బహిరంగంగా పరుచుకున్న గ్యాసు మేఘం, అడ్డేమీ లేకపోతే, మామూలుగా నెమ్మదిగానే కాలిపోతుంది. మధ్యలో పైపులు గానీ చెట్లు గానీ ఉంటే మంట ముందుకు తోసే గ్యాసు వాటి చుట్టూ సుడులు తిరుగుతుంది, ఆ సుడుల్లోకి మంట ప్రవేశించి వేగం పుంజుకుంటుంది, మరింత గట్టిగా తోస్తుంది. ఒక అడ్డు నుంచి ఇంకో అడ్డుకు ఈ చక్రం బలపడుతుంది. 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో పెట్రోలు ట్యాంకు పొంగి ఆవిరి మేఘం పేలినప్పుడు, ఊహించిన దానికన్నా ఎన్నో రెట్లు ఒత్తిడి పుట్టింది. దారి పక్కన దట్టంగా ఉన్న చెట్లూ పొదలే మంటను వేగవంతం చేశాయని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. చుట్టూ ఏముందో చూడకుండా పెట్రోలు ఆవిరికి ఒకే మండే వేగం రాసి పెట్టుకుంటే ఈ ప్రమాదం లెక్కలో కనబడదు.

కంప్యూటర్ సిమ్యులేషన్ చేసేవాళ్లతో ఒక మాట. మంట అనుకున్న చోట నిలవకపోతే చాలామంది మొదట చేసే పని జిమాంట్ సూత్రంలోని ఆ 0.52 స్థిరాంకాన్ని 0.6, 0.7 అంటూ పెంచడం. ఒక లోడ్ దగ్గర మంట సరైన చోటికి వస్తుంది, లోడ్ మార్చగానే మళ్లీ జారుతుంది. స్థిరాంకం ముట్టుకునే ముందు ఇన్‌లెట్ దగ్గర ఇచ్చిన సుడుల వివరాలు చూడండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 5 శాతం తీవ్రతని అలాగే వదిలేశారా, కొలిచారా? జిమాంట్ సూత్రంలో యు-ప్రైమ్ 0.75 ఘాతంతో ఉంది, అది రెట్టింపైతే వేగం 1.68 రెట్లవుతుంది. సుడి సైజు 0.25 ఘాతంతోనే ఉంది, రెట్టింపైనా 1.19 రెట్లే. అందుకని ముందు తీవ్రత కొలవండి, సైజుని నాజిల్ వ్యాసంలోనో చిల్లుల ప్లేటు రంధ్రంలోనో కొంత భాగంగా అంచనా వేసినా పెద్దగా నష్టం ఉండదు. తర్వాత మీ సిమ్యులేషన్‌లో మంట అంచని గీసిన గీత, ప్రయోగం చేసినవాళ్లు గీసిన గీత ఒకే ప్రోగ్రెస్ వేరియబుల్ దగ్గర ఉన్నాయో లేదో సరిచూడండి. వాళ్లది 0.1, మీది 0.5 అయితే, ఆ రెండిటి మధ్య తేడాను స్థిరాంకంతో పూడ్చకూడదు.